పాత పెట్టెలో రెండవ డిస్కు



పట్నములో చదువుకున్న పిల్లలు తెచ్చినవి, ఆఫీసులలో వాడి తీసివేసినవి, బంధువులు "మాకు అక్కరలేదు, తీసుకుపొండి" అని ఇచ్చినవి, ఇట్లా పాత కంప్యూటర్లు ఇప్పుడు మన పల్లె ఇండ్లలో కూడా చాలా చోట్ల కనబడుతున్నవి. కొన్ని బల్ల మీద ఉంటాయి. ఎక్కువ భాగము మంచము క్రింద గోనెసంచి కప్పుకొని ఉంటాయి. "అయ్యగారూ, ఇది నిండిపోయింది, ఇక ఫొటోలు పట్టడము లేదు, పాత సామాన్లవానికి వేసేయమంటారా?" అని మమ్మును అడిగినవారు ఒకరిద్దరు కారు. వేయనక్కరలేదు. గాదె నిండితే ఇల్లు పడగొట్టుకోము గదా, ప్రక్కన ఇంకొక గాదె పెట్టుకుంటాము. కంప్యూటరు లోపల కూడా ఉన్న హార్డ్ డిస్కు ప్రక్కన రెండవ హార్డ్ డిస్కు బిగించుకోవచ్చు. మాకు ఆ పని పడినప్పుడు తెలిసిన సంగతులను ఇక్కడ వ్రాస్తున్నాము.

మా సంఘము హైదరాబాదు పాతబస్తీలో, మూసీ నదికి దక్షిణముగా ఉన్న ఒక బస్తీలోనిది. మా వారిలో ఎక్కువమంది పాలమూరు, నల్లగొండ ప్రాంతముల నుండి ఇండ్లు కట్టే పనికి వచ్చి ఇక్కడే నిలిచిపోయినవారు. ఇరుగుపొరుగువారు ముస్లిములు. వారికి మేము "ఫాదర్ సాబ్". ఫాదరు కాము, పాస్టరమని మొదటి రెండేండ్లు చెప్పి చూశాము, తరువాత మానివేశాము.

మా కంప్యూటరు సుమారు 2008 నాటిది. దానిని ఇంకా ఎందుకు ఉంచుకున్నారని యౌవనస్థులు నవ్వుతారు. కారణము తెలుగు అక్షరములే. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే యూనికోడు తెలుగు అక్షరములు వచ్చినా, మన ముద్రణ పనివారు ఆ తరువాత ఎన్నో ఏండ్లు అను ఫాంట్లలోనే టైపు చేశారు. అవి ఇంగ్లీషు అక్షరముల స్థానములో తెలుగు గీతలను కూర్చోబెట్టినవి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే "ప్రార్థన" అని వ్రాసిన చోట ఏవో అర్థము కాని గుర్తులు కనబడతాయి. ఇరువది ఏండ్ల కరపత్రములు, పెండ్లి పత్రికలు, సంఘ సభ్యుల జాబితాలు అన్నీ మా యంత్రములో ఆ అక్షరములతోనే ఉన్నవి. గనుక ఈ డబ్బా ఉండవలెను.

అయితే అసలు విలువైనది అది కాదు, రిజిస్టర్లు. 2017లో మా యౌవనస్థులు బాప్తిస్మముల పుస్తకమును, వివాహముల పుస్తకమును ఒక్కొక్క పుట ఫొటో తీసి కంప్యూటరులో పెట్టారు. పాత సిరా వెలిసిపోతున్నదని, చెదలు పట్టకముందే తీసి ఉంచుదామని వారికి తోచింది. మూడేండ్లు తిరగలేదు. 2020 అక్టోబరు 13 రాత్రి మొదలైన వాన పాతబస్తీని ముంచివేసింది. నాలుగు రోజులకు, 17వ తేదీ రాత్రి, మరల కుండపోత కురిసి బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగినది. హాఫిజ్‌బాబానగర్ వైపు ఎన్ని ఇండ్లలోకి నీరు వచ్చిందో ఆ వార్తలు మీరూ చూచియుంటారు. మా గదిలోనికి మోకాలి లోతు వచ్చింది. క్రింది అరలో ఇనుప పెట్టె, పెట్టెలో రిజిస్టర్లు. బల్ల మీద కంప్యూటరు. పుస్తకములు రెండు దినములు నీటిలో నానినవి. ఎండబెడితే పుటలు అట్టలుగా అంటుకొని, వ్రాత నీలిమరకలై పోయింది. బల్ల మీది యంత్రమునకు చుక్క నీరు తగలలేదు.

గత సంవత్సరము మా సంఘపు విశ్వాసురాలు ఒకామె ఊరి నుండి వచ్చింది. భర్త చనిపోయాడు. ఆమెకు రావలసిన పెన్షను నిమిత్తము వివాహపు రిజిస్టరు నకలు తెమ్మన్నారట. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టము క్రింద జరిగిన పెండ్లికి గుడి రిజిస్టరులోని ఆ పుటే ఆధారము. ఆమె పెండ్లి 1989లో. కాగితపు పుటలో పెండ్లికుమారుని పేరు ఉండవలసిన చోట మరక ఉన్నది. సరే, కంప్యూటరులో చూద్దామని తెరిస్తే లోపల నుండి టిక్కు, టిక్కు మని చప్పుడు. గడియారము చప్పుడువలె కాదు, గోరుతో రేకును కొట్టినట్లు. తెర స్తంభించిపోయింది. ఆమె మా వైపు చూస్తున్నది. ఆ పుట తెర మీదికి రావడానికి పది నిమిషములు పట్టింది.

హార్డ్ డిస్కు లోపల ఏముంటుందో తెలిస్తే ఆ చప్పుడుకు ఎందుకు భయపడవలెనో అర్థమవుతుంది. అద్దమువలె నునుపైన పళ్లెములు నిమిషమునకు 5,400 లేక 7,200 సార్లు తిరుగుతూ ఉంటాయి. వాటి మీద చదివే ముల్లు వంటిది తిరుగాడుతుంది. అది పళ్లెమును తాకదు, తల వెండ్రుక మందములో ఎన్నో వేల వంతు ఎడముతో గాలిలో తేలుతుంది. తాకిందంటే గీత పడుతుంది, గీత పడిన చోట వ్రాసినది పోతుంది. 1956లో ఐబీఎం వారు చేసిన మొట్టమొదటి హార్డ్ డిస్కు యంత్రములో 24 అంగుళముల వెడల్పు పళ్లెములు 50 ఉండెను. సుమారు టన్ను బరువు. అంతా కలిపి 50 లక్షల అక్షరములు పట్టేవి. నేటి సెల్‌ఫోనుతో తీసిన పెద్ద ఫొటో ఒక్కటి దానిలో పట్టడము కష్టము. ఇప్పుడు అరచేతిలో పట్టే డిస్కులో అటువంటివి లక్షలు ఇముడుతున్నవి. అయినా తిరిగే పళ్లెము, తేలే ముల్లు, ఆ పద్ధతి అదే.

టిక్కు మనే డిస్కుతో చేయకూడని పని ఏమంటే, మాటిమాటికి ఆపి వేయడము, బాగు చేస్తామని ఏవేవో ప్రోగ్రాములు నడపడము. మేము ముందుగా రిజిస్టర్ల ఫొటోలు మాత్రమే ఒక పెన్‌డ్రైవులోకి తీసుకున్నాము. పాటలు, వీడియోలు, పండుగ ఫొటోలు తరువాత. ఇల్లు కాలుతుంటే మొదట బిడ్డను తీస్తారు గాని బిందెను తీయరు. ఆమెకు ఆ పుట అచ్చు తీసి, సంతకము చేసి, ముద్ర వేసి, సాయంత్రము బస్సుకు పంపించాము.

తరువాత యంత్రమును ఒక దుకాణమునకు తీసుకుపోతే మూత తీయకుండానే "ఇది పోయింది, కొత్తది తీసుకోండి" అన్నారు. చార్మినారుకు అవతల చిన్న సందులో పాత కంప్యూటర్లు బాగుచేసే ఒక భాయి ఉన్నాడని పొరుగువారు చెప్పారు. ఆయన మూత తీసి, దుమ్ము ఊది, కొంత సేపు చూచి, "డబ్బా అచ్ఛా హై ఫాదర్ సాబ్, ఫేకో నక్కో" అన్నాడు. డబ్బా బాగున్నది, పారవేయవద్దు అని. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాము పెట్టి చూపించాడు. ప్రతి హార్డ్ డిస్కు తన ఆరోగ్యమును తానే లెక్క వ్రాసుకుంటుంది: ఎన్ని గంటలు నడిచింది, చెడిపోయిన చోట్లు ఎన్ని, వాటికి బదులుగా వేరే చోట్లు ఎన్ని వాడుకున్నది. మా డిస్కుకు పసుపు రంగు వచ్చింది. అంటే నడుస్తుంది గాని నమ్మరాదు. ఆయన సలహా: కొత్త డిస్కు ఒకటి అదనముగా బిగించి, విలువైనవన్నీ దానిలోకి మార్చి, పాతదానిలో విండోసును, అను ఫాంట్లను మాత్రము ఉండనీయండి. అవి పోయినా మరల వేసుకోవచ్చు.

డిస్కు ఎక్కడ కొనాలి? పాతబస్తీలో ఈ ప్రశ్నకు అందరి నోటా మొదట వచ్చే మాట జుమ్మేరాత్ బజారు. పురానాపూల్ దగ్గర గురువారము నాడు జరిగే పాత సామాన్ల సంత అది. జుమ్మేరాత్ అంటే గురువారమే. పురానాపూల్ 1578లో కుతుబ్‌షాహీల కాలములో కట్టిన వంతెన, చార్మినారు కంటె 13 ఏండ్లు పెద్దది. ఆ సంతలో దొరకని వస్తువు లేదంటారు. స్క్రూలు, కేబుళ్లు అక్కడ కొనండి, తప్పు లేదు. హార్డ్ డిస్కు మాత్రము కొనవద్దు. వాడిన డిస్కు ఎన్ని వేల గంటలు తిరిగిందో, ఎన్నిసార్లు క్రింద పడిందో పైకి చూస్తే తెలియదు. ఇంకొక సంగతి కూడా ఉన్నది. "డిలీట్" నొక్కితే ఫైలు పేరు పోతుంది గాని ఫైలు పోదు. అమ్మివేసిన డిస్కులలో ఎవరెవరి ఆధార్ కాగితములో, ఇంటి ఆడపిల్లల ఫొటోలో అట్లాగే ఉండిపోతాయి. మీ పాత కంప్యూటరును అమ్మే ముందు డిస్కును ఊడదీసి ఇంట్లో ఉంచుకొనుడి. దాని నిమిత్తము తగ్గే రూపాయలు ఎక్కువేమీ కావు. మేము కొత్త డిస్కు నిమిత్తము సికింద్రాబాదు పార్క్‌లేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు పోయాము. కోఠీలో గుజరాతీ గల్లీలో కూడా విడిభాగములు దొరుకుతాయి. కొత్త కంప్యూటరు ఖరీదుతో పోలిస్తే మాకైన ఖర్చు బహు తక్కువ.

కొనబోయే ముందు మీ డబ్బా మూత తీసి చూడవలెను. పాత డిస్కుకు పోయే తీగ వెడల్పుగా, రిబ్బనువలె బల్లపరుపుగా ఉంటే అది ఐడీఈ. సన్నగా, చిటికెన వేలంత కూడా లేకుండా ఉంటే అది సాటా. ఈ రెండింటికి పొత్తు కుదరదు. ఐడీఈలో ఒకే రిబ్బనుకు రెండు డిస్కులు తగిలించవచ్చు గాని, ఎవరు పెద్ద ఎవరు చిన్న అని డిస్కు వెనుక ఉండే చిన్న ప్లాస్టిక్ బిళ్లను, దానిని జంపరు అంటారు, మార్చి చెప్పవలెను. రెండింటినీ పెద్దగా పెడితే ఇంట్లో ఇద్దరు యజమానులున్నట్లే, ఏదీ నడవదు. సాటాలో ఈ పేచీ లేదు. ఒక్కొక్క డిస్కుకు ఒక్కొక్క తీగ. మదర్‌బోర్డు మీద ఖాళీ గుంట ఉంటే చాలు. సుమారు 2003కు ముందటి ఐడీఈ యంత్రములు చాలావరకు 137 జీబీ దాటిన డిస్కును పూర్తిగా గుర్తించలేవు, గనుక అటువంటి వాటికి పెద్ద డిస్కు కొని ప్రయోజనము లేదు. ఆ తరువాతి పాత యంత్రములలో 2 టీబీ వరకు చిక్కు లేకుండా నడుస్తుంది. మేము 1 టీబీది తీసుకున్నాము.

ఇక బిగించడము. కంప్యూటరు ఆపి, గోడలోని ప్లగ్గును పీకివేయండి. స్విచ్చు ఆపితే చాలదు. తరువాత డబ్బా ముందరి బటనును నాలుగైదు క్షణములు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు దిగిపోతుంది. మూత తీసినాక, దేనినీ ముట్టక ముందే డబ్బా యొక్క రంగు లేని ఇనుప భాగమును చేతితో తాకండి. ఎండకాలములో నైలాను చీర కట్టుకొని కుర్చీ పట్టుకుంటే చురుక్కు మంటుంది చూశారా, ఆ చురుకే చిప్పులకు మరణము. ఇనుమును తాకితే అది పోతుంది.

మూడున్నర అంగుళముల డిస్కుకు డబ్బాలో అర ఉంటుంది. ప్రక్కకు రెండు చొప్పున నాలుగు స్క్రూలు. సీడీ పెట్టెకు వేసే స్క్రూ, హార్డ్ డిస్కుకు వేసే స్క్రూ చూడటానికి ఒక్కటే, మరలు వేరు. సీడీ స్క్రూ సన్నమరది, డిస్కు స్క్రూ ముదుకమరది. తిరగకపోతే బలవంతము చేయవద్దు. పాత డిస్కును ఆనుకొని కాక ఒక అర విడిచి బిగిస్తే మధ్య గాలి ఆడుతుంది. మన ఎండలకు ఆ ఒక్క అర ఎడము ఎంతో మేలు.

తరువాత రెండు తీగలు. ఒకటి డిస్కు నుండి మదర్‌బోర్డుకు, ఇంకొకటి ఎస్‌ఎంపీఎస్ నుండి కరెంటుకు. రెండింటి నోరు ఇంగ్లీషు ఎల్ అక్షరము ఆకారములో ఉంటుంది గనుక తిరగేసి పెట్టడము కుదరదు. పాత ఎస్‌ఎంపీఎస్‌లో సాటా కరెంటు తీగ మిగలకపోతే నాలుగు బెజ్జముల పాత తీగ నుండి మార్చే ముక్క దొరుకుతుంది. ఇక్కడ భాయి చెప్పిన మాట మీకూ చెప్పవలెను: తీగలను ప్లాస్టిక్కులో కలిపి పోతపోసిన చౌక ముక్కలు వద్దు, అవి లోపల ఒకదానికొకటి తగిలి కాలుతాయి. తీగలను విడివిడిగా నొక్కి బిగించినవి తీసుకొనుడి. ఇంకొక డిస్కు పెడితే కరెంటు చాలదేమోనని భయపడనక్కరలేదు. తిరుగుతున్నప్పుడు అది తీసుకునేది 10 వాట్లలోపే.

మూత బిగించక ముందే ఒకసారి ఆన్ చేసి చూడండి. మొదటి తెర మీద డిలీట్ గాని ఎఫ్2 గాని నొక్కితే బయోస్ వస్తుంది. అందులో రెండు డిస్కుల పేర్లు కనబడవలెను. మొదట లేవవలసినది పాత డిస్కే అని అక్కడ ఉండవలెను. విండోసు వచ్చాక "మై కంప్యూటరు" తెరిస్తే కొత్త డిస్కు కనబడదు. డిస్కు చెడ్డదని చాలామంది ఇక్కడే దుకాణమునకు పరుగెత్తుతారు. అది చెడ్డది కాదు, దున్నని బీడు. డిస్క్ మేనేజ్‌మెంట్ అనే చోటికి పోయి, ఇనిషియలైజ్ చేసి, ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేసి, ఒక అక్షరము పేరు పెట్టితే అప్పుడు కనబడుతుంది. ఫార్మాట్ అనే మాట నొక్కే ముందు ఏ డిస్కు మీద నొక్కుతున్నారో దాని జీబీల లెక్క చూచి, ప్రక్కనున్నవారికి చూపించి, అప్పుడు నొక్కండి. ఈ ఒక్క చోట తొందర పనికిరాదు.

మా సంఘపెద్ద ఒకరు మేస్త్రీ, లెక్కలో కటువు. తెర మీద చూచి, "అయ్యగారూ, 1,000 జీబీలకు డబ్బిచ్చాము, ఇక్కడ 931 ఉన్నది. 69 ఎవరు తిన్నారు?" అన్నాడు. ఎవరూ తినలేదు. డిస్కు చేసేవారు వెయ్యి చొప్పున లెక్క కడతారు, విండోసు 1,024 చొప్పున కడుతుంది. కుంచము మారింది గాని ధాన్యము తగ్గలేదు. ఆయన తల ఊపాడు గాని, దుకాణదారుని మీద అనుమానము ఇంకా తీరలేదనే మా నమ్మకము.

కొందరు ఎస్‌ఎస్‌డీ పెట్టకూడదా అని అడుగుతారు. దానిలో తిరిగే పళ్లెములు లేవు, చప్పుడు లేదు, ముసలి కంప్యూటరుకు పడుచుదనము వచ్చినట్లుంటుంది. విండోసు నడపడానికి అదే మేలు. కాని ఏండ్ల తరబడి కరెంటు తగలకుండా పెట్టెలో దాచవలసిన వాటికి మేము పళ్లెముల డిస్కునే కోరుకుంటాము. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ వారి సాధారణ భద్రతా సహాయము కూడా ఆగిపోయింది గనుక, మా పాత యంత్రమునకు ఇంటర్నెట్ తీగ తీసివేశాము. అది ఇప్పుడు కాగితములు దాచే బీరువా మాత్రమే.

ఇంత చేసినాక కూడా పని సగమే అయినది. రెండవ డిస్కు అదే డబ్బాలో ఉన్నది. పిడుగు పడి కరెంటు పొంగితే రెండూ ఒక్కసారే పోతాయి. దొంగ డబ్బాను ఎత్తుకుపోతే రెండూ పోతాయి. నీరు ఇంకొక మూరెడు లేచి బల్ల ఎక్కితే ఏమగును? 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు ఈ నగరములో వేలమంది చనిపోయారు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నేటి మనుష్యులు చూచినదే. అటువంటి నీటికి బల్ల ఎత్తు లెక్క కాదు. 2011లో థాయిలాండులో వరదలు వచ్చి హార్డ్ డిస్కులు చేసే కర్మాగారములే మునిగితే లోకమంతటా వాటి ధరలు పెరిగినవి. మునగని చోటు ఏదో ముందుగా చెప్పగలవారు లేరు.

అందువలన మూడవది ఒకటి కొన్నాము. చొక్కా జేబులో పట్టే రెండున్నర అంగుళముల డిస్కు, యూఎస్‌బీ తీగతో తగిలించేది. రిజిస్టర్ల ఫొటోలు, పెద్దవారి సాక్ష్యముల రికార్డులు, అను అక్షరముల ఫైళ్లు, ఆ ఫైళ్లను తెరవడానికి కావలసిన ఫాంట్లు కూడా దానిలో పెట్టాము. ఫాంటు లేకుండా ఫైలు ఒక్కటే దాచితే, తాళము చెవి లేని పెట్టెను దాచినట్లే. అది పాతబస్తీలో లేదు. నల్లగొండ జిల్లాలో మా సంఘపెద్ద అన్నగారి ఇంట్లో, గోడ అల్మారాలో పై అరలో, బట్టల మధ్య ఉన్నది. పైన ఒక కాగితము అంటించి, చివరిసారి ఎప్పుడు నకలు చేశామో తేదీ వ్రాసినాము. మూడు నెలలకు ఒకసారి మేస్త్రీగారు ఊరికి పోయి దానిని తెస్తారు, మేము ఇక్కడ కొత్త పుటలు చేర్చి, నాలుగైదు ఫైళ్లు తెరిచి చూచి, మరల ఆయన చేతికి ఇస్తాము. మొన్నటిసారి తెచ్చినప్పుడు మడతల మధ్య ఒక నేఫ్తలీన్ గోళీ కూడా వచ్చింది. వదినగారు చీరలకు వేసినది. దానికేమీ హాని లేదని చెప్పి పంపించాము.